పత్తి పోగు నుంచి పసిబిడ్డ దాకా



మా అద్దంకి వైపు పత్తి తీతలు మొదలైతే దారి పొడుగునా దూదే. దీపానికి వత్తి చేసుకునేటప్పుడు ఆ దూదిలోంచి ఒక్క పోగు లాగి చూడండి. అంగుళం పొడవున్న ఆ పోగంతా ఒకే ఒక జీవకణం! గింజ పైపొరలో వుండే కణం అలా సాగి, ఎండి, పోగయింది. మామూలు కణాలు సూక్ష్మదర్శినిలో తప్ప కంటికి ఆనవు.

కణమంటే ఓ చిన్న సంసారమే అనుకోండి. చుట్టూ పల్చని పొర. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో అది చూసుకుంటుంది. లోపల కేంద్రకం. ఏ పని ఎలా జరగాలో అక్కడి డి.ఎన్.ఏ.లో రాసి వుంటుంది. మైటోకాండ్రియా అనేవి మనం తిన్న అన్నంలోని శక్తిని ఎ.టి.పి. అనే పదార్థంగా మారుస్తాయి. కణం రోజువారీ ఖర్చులకు అదే చేతిలో చిల్లర.

కంటికే కనబడని కణంలో ఏది ఎంత వుందో ఎలా తెలిసిందంటారా? పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది కదా, అలా రంగును బట్టే! 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేగారితో కలిసి ఇలాంటి పద్ధతే కనిపెట్టి 1925లో ప్రకటించారు. కండ నుంచి తీసిన ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువన్న మాట. ఆ దారినే వెళ్ళి 1929లో వారు కండరాల్లో ఎ.టి.పి.ని కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు.

తర్వాత లెడర్లీ కంపెనీలో సుబ్బారావుగారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఇదే మన ఆడవాళ్ళకు ముఖ్యమైన సంగతి. ఒక కణం రెండు కావాలంటే ముందు డి.ఎన్.ఏ.కి నకలు తయారవ్వాలి. ఫోలిక్ ఆమ్లం చాలకపోతే ఆ పని కుంటుపడుతుంది. రక్తకణాలు సరిగా తయారుకావు. కడుపులో బిడ్డ ఒక్క కణంతోనే మొదలవుతుంది. మెదడు, వెన్నుపాము అయ్యే గొట్టం మొదటి 28 రోజుల్లోనే మూసుకుపోవాలి. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు!

మా చెల్లెలి కూతురు ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వికారంగా వున్నాయని బియ్యపు డబ్బా వెనక దాచేసింది. కోప్పడలేదు, ఈ కథే చెప్పాను. డాక్టరుగారిని అడిగి, అన్నం తిన్నాక వేసుకోవడం మొదలుపెట్టింది.

బిడ్డ కావాలనుకునే అమ్మాయికి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గర్భం రాకముందు నుంచే అవసరం. డాక్టరు సలహాతో మొదలుపెట్టించండి. ఆకుకూరలు, పప్పులు పెట్టండి. కూర ఉడికిన నీళ్ళు మాత్రం వార్చి పారబోయకండి. ఫోలిక్ ఆమ్లం ఆ నీళ్ళతోనే పోతుంది.

ఇంట్లో ఏ డబ్బా వెనకైనా మాత్రలు దాగున్నాయేమో, ఇవాళే ఒకసారి చూడండి. వుంటాను.