ప్రేక్షకులు లేని నృత్యం : స్కాట్లాండు పెళ్ళి విందులో 'కేలీ'

ఏ జాతి స్వభావమైనా దాని వివాహ వేడుకలలో స్పష్టంగా వ్యక్తమవుతుంది. స్కాట్లాండు పెళ్ళి విందులలో నేటికీ సజీవంగా ఉన్న 'కేలీ' సంప్రదాయం ఇందుకు చక్కని నిదర్శనం. కేలీ అనేది గేలిక్ భాషాపదం. ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళి కలుసుకోవడం దాని మూలార్థం. దీర్ఘమైన శీతకాలపు రాత్రులలో ఒక ఇంట చేరి కథలతో, పాటలతో పొద్దుపుచ్చిన ఆ అలవాటే కాలక్రమంలో సామూహిక నృత్య వేడుకగా రూపుదిద్దుకొన్నది.

భోజనాలు ముగిసిన పిదప బల్లలను పక్కకు జరుపుతారు. ఫిడేలు, అకార్డియన్, డ్రమ్ములతో వాద్యబృందం సిద్ధమవుతుంది. గళ్ళ ఉన్నివస్త్రంతో కుట్టిన కిల్టులు ధరించిన పురుషులు, వారితోపాటు స్త్రీలు, పిల్లలు, వృద్ధులు వరుసలు తీరుతారు. 'కాలర్' అనే నిర్వాహకుడు మొదట అడుగులను నెమ్మదిగా నడిపించి చూపి, సంగీతం మొదలైన తరువాత కూడా సూచనలు ఇస్తూ ఉంటాడు. అందుచేత ఎన్నడూ ఆడనివారు సైతం నిస్సంకోచంగా పాల్గొనవచ్చును. ఎవరైనా తప్పటడుగు వేస్తే పక్కవారే చేయిపట్టి సరియైన చోటికి చేరుస్తారు.

గోర్డన్ హైలాండర్స్ అనే సైనిక దళం పేరిట వెలసిన 'గే గోర్డన్స్'లో జంటలు వలయాకారంగా ముందుకు, వెనుకకు నడుస్తారు. 'డాషింగ్ వైట్ సార్జెంట్'లో ముగ్గురికి ఎదురుగా ముగ్గురు నిలుస్తారు. ఆరుగురూ చేతులు కలిపి తిరిగిన పిమ్మట, ఒక వరుసవారు ఎత్తిన చేతుల క్రిందుగా రెండవ వరుసవారు దాటిపోయి, వేరొక ముగ్గురిని కలుసుకొంటారు. ఇలా హాలు చుట్టి వచ్చేసరికి వధువు తాతగారు, వరుని మేనకోడలు, ఇరువురి సహోద్యోగులు పరస్పరం పరిచితులవుతారు. రెండు కుటుంబాలను కలపడంలో ఉపన్యాసాలకన్నా ఈ అమరికే ఎక్కువ ఉపకరిస్తుంది.

ఈ నృత్యాలకు సంగీతమే ప్రాణం. వేగంగా సాగే రీల్, ఆరు మాత్రల నడకగల జిగ్ ఐర్లాండులోనూ వినిపిస్తాయి కాని, నిదానపు నడకతో, తెగి ఎగిసే లయతో సాగే స్ట్రాత్‌స్పే మాత్రం స్కాట్లాండు సొంతం. ఫిడేలు విద్వాంసుడు నీల్ గౌ (1727-1807) కూర్చిన బాణీలు నేటికీ వినిపిస్తున్నాయి. వివాహవ్యయాన్ని అతిథులే తలా కొంత భరించే 'పెన్నీ వెడ్డింగ్' వేడుకను డేవిడ్ విల్కీ 1818లో చిత్రించాడు. ఇటువంటి వేడుకలను ఒకప్పుడు చర్చి పెద్దలు నిరసించినా ప్రజలు విడనాడలేదు. ఇక ఢిల్లీ 'బీటింగ్ రిట్రీట్'లో మన సైనిక బృందాలు వాయించగా మనమూ విన్న బ్యాగ్‌పైపు, అక్కడి పెళ్ళిళ్ళలో నూతన దంపతులకు స్వాగతం పలుకుతుంది.

పాత నృత్యాలు మరుగున పడుతున్న తరుణంలో జీన్ మిల్లిగన్, ఇసబెల్ స్టూవర్ట్ అనే ఇద్దరు మహిళల చొరవతో 1923లో గ్లాస్గోలో ఒక సంఘం ఏర్పడి, వాటిని సేకరించి ముద్రించింది. ఈ కళ విలువ అంతకన్నా కఠినంగా పరీక్షకు నిలిచిన సందర్భం మరొకటి ఉన్నది. 1940 జూన్‌లో ఫ్రాన్సులోని సెయింట్ వాలరీ వద్ద 51వ హైలాండ్ డివిజన్‌లో అధికభాగం జర్మనులకు బందీ అయింది. లౌఫెన్ శిబిరంలో నిర్బంధితులైన అధికారులు నిరాశకు లోనుకాక, ఒక క్రొత్త నృత్యాన్ని రూపొందించారు. నర్తకుల అమరికలో స్కాట్లాండు పతాకంపై కనిపించే సెయింట్ ఆండ్రూ శిలువ ఆకృతి ఏర్పడుతుంది. 'రీల్ ఆఫ్ ది 51స్ట్ డివిజన్' అనే ఆ నృత్యాన్ని నేటికీ ఆడుతున్నారు.

వేడుక చివర అందరూ వలయంగా నిలిచి, చేతులు పెనవేసుకొని, రాబర్ట్ బర్న్స్ 1788లో అక్షరబద్ధం చేసిన 'ఆల్డ్ లాంగ్ సైన్' గీతం ఆలపిస్తారు. ఆ వలయంలో ముందువరుస, వెనుకవరుస అనే భేదం లేదు. ప్రతి ఒక్కరికీ ఇరుప్రక్కలా ఒక చేయి అందుతుంది. తరాలు మారినా కేలీ నిలిచి ఉండడానికి కారణం బహుశా ఇదే.