తుపాను విరిచిన తలుపులు, కిటికీలు: ఆ పొద్దే మూసుకొనుట ఎట్లు?

తుపాను వెలిసిన మరునాడు గ్రామములో అందరి చూపు మొదట చేలమీదికే పోవును. వరి ఒరిగినదా, కుప్ప తడిసినదా, కొబ్బరిచెట్లు ఎన్ని విరిగినవి అన్నదే మాట. పెరటి కిటికీ రెక్క ఊడి నూతి దగ్గర పడియున్న సంగతి సాయంకాలమునకు గాని జ్ఞాపకమురాదు. ఆ సాయంకాలమే వాన మరల పట్టుకొనును. చేలో పోయినది పోగా, వచ్చే పంటకని ఇంటిలో దాచుకొన్న విత్తనపు బస్తాలు ఆ సందులోనుండి కొట్టిన జల్లుకు తడిసిపోవును. తడిసిన విత్తనము రెండు మూడు దినములలో ముక్కు పగులును. ఎకరానికి ఇరవై పాతిక కిలోల విత్తనము మరల కొనవలసివచ్చిన రైతుకు ఒక కిటికీ పలక ఖరీదు ఎంత తక్కువో వేరుగా చెప్పనక్కరలేదు.

మన కోస్తాకు ఇది అరుదైన విషయము కాదు. 1977 నవంబరు 19న దివిసీమ, 1990 మే నెలలో మచిలీపట్నం ప్రాంతము, 1996 నవంబరులో కోనసీమ, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం, 2018 అక్టోబరులో పలాస, 2023 డిసెంబరు 5న బాపట్ల తీరము తుపాను దెబ్బ తిన్నవి. మే నెల తుపానులు లేకపోలేదు గాని, ఎక్కువ భాగము సార్వా పంట చేతికి వచ్చే అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలోనే వచ్చుచుండుట గమనించుడు. ఇంటిలో ధాన్యము, చేలో కుప్ప ఉండే కాలమే గాలికాలము కూడ.

ఒక విషయము ముందే చెప్పవలెను. పలకలు కొట్టుకొనుట గాలికి, వానకు, దొంగలకు మాత్రమే. ఉప్పెనకు కాదు. దివిసీమలో వేలాది ప్రాణములు పోయినది ప్రధానముగా సముద్రపు నీటివలన. మీ ఊరు ఉప్పెన వచ్చు చోట ఉండి, ఖాళీ చేయవలసినదని చెప్పినచో, తలుపు వేసి తుపాను ఆశ్రయ భవనమునకు పొండు. పశువులను కట్టుకొయ్యలనుండి విప్పి పొండు. కిటికీకి మేకు తక్కువైనదని ఆగవద్దు.

ఒక్క కిటికీ పోయినంత మాత్రాన ఏమగును?

గాలివేగము రెట్టింపయినచో దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు గల కిటికీ మీద గంటకు 100 కిలోమీటర్ల గాలి సుమారు 50 కిలోల బరువుతో నెట్టును. 2014లో విశాఖను కొట్టిన హుద్‌హుద్ తుపానులోవలె గాలి గంటకు 180 కిలోమీటర్లకు వచ్చినచో అదే కిటికీ మీద సుమారు 170 కిలోలు పడును. అనగా రెండు ధాన్యపు బస్తాలకు మించిన బరువు. వీధి తలుపు మీద మూడున్నర బస్తాల బరువు. ఇంత బరువును మోయవలసినది వేలెడంత గడియ, తుప్పుపట్టిన నాలుగు మరమేకులు!

గాలికి ఎదురుగా నున్న గోడను గాలి లోపలికి నెట్టును. పైకప్పును మాత్రము మీదికి లాగును. తలుపులు, కిటికీలు గట్టిగా మూసియున్నంతవరకు చాల ఇండ్లు దీనిని ఓర్చుకొనును. ఎదురుగాలి వైపు కిటికీ ఒకటి పగిలినదా, గాలి లోపల చొరబడి కప్పును క్రిందినుండి ఎత్తును. పైనుండి లాగుడు, క్రిందినుండి నెట్టుడు రెండును కలిసినప్పుడు రేకులు, పెంకులు లేచిపోవును. కప్పు పోయినదనుకొను చాల ఇండ్లలో మొదట పోయినది కిటికీయే.

గాలి వెళ్ళిపోవుటకు వెనుక కిటికీ ఒకటి తెరచి ఉంచవలెనని కొందరు పెద్దలు చెప్పుదురు. ఈ సలహాను పాటించవద్దు. తుపాను కన్ను మీ ఊరి మీదుగా పోయినచో కొంతసేపు గాలి పూర్తిగా ఆగి, తరువాత ఎదురు దిక్కునుండి అంతే బలముతో వీచును. అంతవరకు వెనుకనున్న కిటికీ అప్పుడు ముందునకు వచ్చును. అందుచేతనే నడుమ గాలి ఆగినదని నిచ్చెన తీసుకొని బయటకు పోరాదు. తుపాను దాటినదని ఆకాశవాణిలోనో, గ్రామ సచివాలయమునుండియో తెలిసిన తరువాతనే బయటి పని.

గాలి సాగుచుండగా కిటికీ పగిలినచో బయటనుండి మూయ ప్రయత్నించవద్దు. పిల్లలను, పెద్దలను ఆ గదినుండి తప్పించి, ఆ గది తలుపు వేసి, తలుపు వెనుక బరువైన మంచమునో బస్తాలనో అడ్డముగా చేర్చుడు. ఆ గదిని వదలివేసి తక్కిన ఇంటిని కాపాడుకొనుట ఆ వేళకు చాలును.

పని మొదలుపెట్టుటకు ముందు

తెల్లవారి బయటకు వచ్చినప్పుడు మొదట కరెంటు తీగలు చూడుడు. తెగిపడిన తీగ తడిగోడకో, ఇనుప ఊచలకో తగిలియుండవచ్చును. అట్టిది కనబడినచో దగ్గరకు పోక 1912 నంబరుకు తెలుపుడు. గోడ బీట వేసి ఒక ప్రక్కకు ఒరిగియున్నచో దానికి మేకులు కొట్టరాదు. ఆ గది సామాను కూడ గోడ నిలిపిన తరువాతనే తీయవలెను. కాళ్ళకు చెప్పులు, చేతులకు గోనెగుడ్డ చుట్టుకొనుడు. చట్రములో మిగిలిన అద్దపు ముక్కలను పటకారుతో పైనుండి క్రిందికి తీసివేసి గోతములో వేయుడు. క్రింది ముక్కలు ముందు తీసినచో పై ముక్కలు చేతిమీద పడును.

పలక కొట్టుటకు ముందు విరిగిన కిటికీని లోపలనుండి ఒకటి, బయటనుండి ఒకటి ఫొటో తీసి ఉంచుకొనుడు. ఈ రోజులలో ఫోను లేని ఇల్లు తక్కువ. నష్టము వ్రాసుకొనువారు వచ్చి చూచువరకు దేనిని తాకరాదని నాలుగేసి దినములు ఇల్లు తెరచి ఉంచి, ఉన్నది కూడ తడుపుకొన్నవారు కలరు. ఫొటో తీసి, ఊడిన రెక్కను పారవేయక ఒక మూల పెట్టుడు. గ్రామాధికారులు కూడ ఈ మాట మొదటి దినముననే వీధివీధికి చెప్పించుట మంచిది.

దేనితో మూయవలెను?

ప్లైవుడ్ దొరికినచో 12 మిల్లీమీటర్లకు తగ్గని మందము గలది తీసుకొనవలెను. వెడల్పయిన కిటికీకి 16 లేక 18 మిల్లీమీటర్లది. దొరకనిచో పాతతలుపు రెక్క, మంచపు పలకలు, బండి పలకలు, ఇనుప రేకు ఏదైనను పనికివచ్చును. వెదురు తడికను రెండు పొరలుగా వేసి నడుమ టార్పాలిన్ పెట్టినచో వానజల్లును చక్కగా ఆపును. పగిలిన సిమెంటు రేకులను మాత్రము కోసి వాడవద్దు. పాత రేకులలో ఆస్‌బెస్టాస్ నార ఉండును. కోసినప్పుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. అద్దముమీద కాగితపు పట్టీలు అడ్డదిడ్డముగా అతికించుట వలన అద్దము బలపడదు. పట్టణములనుండి వచ్చిన ఈ అలవాటు వలన మిగులునది మరునాడు గోకుకొనవలసిన జిగురు మాత్రమే.

టార్పాలిన్ ఒక్కటే వాడువారు దానిని ఊరకనే మేకులతో కొట్టుదురు. గాలి రెండు ఊపులు ఊపగానే మేకు దగ్గర చిరుగును. అంచును సన్నని కొయ్యబద్దకు రెండు చుట్లు చుట్టి, ఆ బద్దను చట్రమునకు కొట్టవలెను. క్రింది అంచు కిటికీ దిమ్మను దాటి బయటకు వ్రేలాడవలెను. లోపలికి మడచినచో నీరంతయు గదిలోనికే దారి చేసికొనును.

ఊచల కిటికీకి సులువైన ఉపాయము

మన ఇండ్లలో చాల కిటికీలకు ఇనుప ఊచలుండుట ఒక వరము. మట్టిగోడకు మేకు పట్టదు, ఇటుకగోడకు కొట్టినచో సున్నము రాలును. ఊచలున్నచో గోడను తాకనే అక్కరలేదు. కిటికీ కంతకన్న అన్ని వైపుల నాలుగేసి అంగుళములు పెద్దదిగా పలక కోసి బయట ఆనించుడు. గది లోపల ఊచలకు అడ్డముగా రెండు సరుగుడు కర్రలు, ఒకటి పైన, ఒకటి క్రింద పెట్టుడు. పలకకు ఒక్కొక్క కర్ర ఎదుట రెండేసి జతల బెజ్జములు బరమాతో వేసి, ఇనుప తీగను బయటనుండి దూర్చి, లోపల కర్రచుట్టు త్రిప్పి ముడివేయుడు. తరువాత తీగ నడుమ చిన్న పుల్ల దూర్చి, బండిమీద గడ్డికి మోకు బిగించినట్లు మెలిపెట్టుడు. పలక గోడకు అతుక్కొనిపోవును. పుల్ల తిరిగిపోకుండ దానిని కర్రకు కట్టుడు. ముడి లోపల ఉండుటచేత బయటివాడు విప్పలేడు; ఇంటివారు మాత్రము పటకారుతో నిమిషములో తీయగలరు. ఒకరు బయట పలక పట్టుకొన, ఒకరు లోపల బిగించినచో ఒక కిటికీకి అరగంట పట్టదు.

ఊచలు లేక కొయ్యచట్రము మాత్రమే ఉన్నచో మేకులు లేక మరమేకులు వాడవలెను. మేకు పొడవు పలక మందమునకు మూడురెట్లకు తగ్గరాదు. అడుగు దూరమున కొకటి చొప్పున కొట్టుడు. పలక అంచునకు మరీ దగ్గరగా కొట్టినచో చీలును. ఎండిన గట్టి కర్రకు ముందు సన్నని బెజ్జము వేసికొనుట మేలు. ఇప్పటి స్లాబు ఇండ్లలో జరుగుడు అద్దాల కిటికీలు పెట్టుచున్నారు. అల్యూమినియం చట్రము మేకును పట్టదు. వీటికి తుపాను కాలమునకు ముందే గోడకు బోల్టులు వేయించి ఉంచుట తప్ప వేరు దారి లేదు.

విరిగిన తలుపు

తలుపు విషయములో తొందర కూడదు. సాధారణముగా బందులు ఊడునే గాని రెక్క విరగదు. బందు పట్టిన చోట కర్ర పుచ్చిపోయినచో దానిని పైకో క్రిందికో నాలుగంగుళములు జరిపి కొత్త కర్రలో బిగించుడు. గడియ పోయినచో పూర్వపు ఇండ్ల పద్ధతి జ్ఞాపకము చేసికొనుడు: తలుపు వెనుక గోడలో ఇరువైపుల కంతలుండి, అందులో అడ్డముగా ఒక మాను జొనిపెడివారు. ఆ కంతలు నేటికిని పాత ఇండ్లలో ఉన్నవి. సున్నము క్రింద కప్పబడి యుండును, వెదకుడు. అవి లేనిచో ఒక దుంగ కొనను తలుపు నడుమనున్న అడ్డుబద్ద క్రింద ఆనించి, రెండవ కొన నేలమీద జారకుండ మేకు దిగగొట్టి ఏటవాలుగా ఊతమియ్యుడు. మన తలుపులు లోపలికి తెరచుకొనునవి గనుక ఈ ఊతము గాలికి బాగుగా ఎదురునిలుచును.

రెక్క పూర్తిగా పోయినచో వాకిలికి పలకలు కొట్టవచ్చును. కాని మనుషులు పడుకొను ఇంటిలో ఒక తలుపైనను లోపలనుండి క్షణములో తెరచుకొనునట్లు ఉండితీరవలెను. కరెంటు లేని రాత్రి దీపము ఒరిగినచో బయటపడు దారి అది. అన్ని వైపుల మూసిన ఇంటిలో జనరేటరు నడపుట, కుంపటి పెట్టుకొని పడుకొనుట ప్రాణాపాయము; ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు.

ఏది ముందు, ఏది తరువాత?

పలకలు అన్నిటికి చాలవు. మనుషులు పడుకొను గది మొదట. తరువాత విత్తనము, ధాన్యము ఉన్న గది. ఆపైన పురుగుమందులున్న కొట్టు. మూత లేని ఆ గదిలోనికి పిల్లలు, కోళ్ళు పోవును, నీరు చొచ్చినచో మందు వీధిలోనికి పారును. వంటిల్లు, వసారా తరువాత చూచుకొనవచ్చును. ధాన్యపు గదిని బిగించి మరచిపోరాదు. ఎండ కాసిన పూట పలక ఒకటి తీసి గాలి ఆడనియ్యనిచో లోపలి చెమ్మకే ధాన్యము వేడెక్కి బూజు పట్టును.

గ్రామాధికారులకు ఒక మాట. తుపాను పోయిన తరువాత పదిదినముల వరకు వడ్రంగి దొరకడు. దొరికినను ఊరంతటికి ఒక్కడే. బడి, అంగన్‌వాడీ, రైతు సేవా కేంద్రము, చౌకధరల దుకాణము కిటికీల కొలతలు సెప్టెంబరులోనే తీయించి, పలకలు కోయించి, ఒక్కొక్కదానిపై రంగుతో “బడి, తూర్పు, 1” అని వ్రాయించి ఉంచినచో, వాతావరణ శాఖ వారి 24 గంటల హెచ్చరిక అందిన పూట నలుగురు యువకులు రెండు గంటలలో బిగించగలరు. దానితోపాటు రెండు సుత్తులు, ఒక రంపము, బరమా, పటకారు, కట్టుతీగ చుట్ట, మేకులు ఒక పెట్టెలో వేసి పంచాయతీ కార్యాలయములో ఉంచుడు. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఇద్దరికైనను తెలియవలెను.

గాలికాలము పోయి కిటికీలు బాగుచేయించుకొన్న తరువాత పలకలను పొయ్యిలో పెట్టవద్దు. మేకులు పీకి తిన్నగా కొట్టి డబ్బాలో వేయుడు. పలకలను రెండు ఎండలలో ఆరబెట్టి, ఏ కిటికీదో సుద్దతో కాక రంగుతో వ్రాసి, చెదలు పట్టకుండ నేలకు ఆనని చోట, అటకమీద పెట్టుడు.