మీకు తెలుసా? ఏడుసార్లు గెలిచిన తండ్రి

2005లో ఫార్ములా వన్ బరిలో దిగిన తొలి భారతీయుడిగా నరైన్ కార్తికేయన్ పేరు చాలామందికి తెలుసు. ఆయన తండ్రి జి.ఆర్. కార్తికేయన్ జాతీయ ర్యాలీ ఛాంపియన్. సౌత్ ఇండియా ర్యాలీని ఏడుసార్లు గెలిచారు. ఆ ఘనత ఇంకా ఎక్కువమందికి తెలియాలి. వాళ్లది తెలుగు నాయుళ్లు తరతరాలుగా మిల్లులు నడిపిన కోయంబత్తూరు.

ర్యాలీలో కార్లను ఒక్కొక్కటిగా వదులుతారు, పోటీ గడియారంతోనే. పక్క సీట్లో నావిగేటర్ నోట్సు చదువుతూ, ఇంకా కంటపడని మలుపు ఎంత వంకరో ముందే చెబుతాడు. అవనిగడ్డ కరకట్ట మీద రాత్రిపూట బండి నడిపినవాళ్లకు ఆ మాట విలువ ఇట్టే తెలుస్తుంది. వేగమంతా మూసిన రోడ్లమీదే; మిగతా దారిలో ట్రాఫిక్ నిబంధనలు పాటించాల్సిందే. చెక్‌పాయింటుకు ఆలస్యంగా వచ్చినా, వేళకంటే ముందే వచ్చినా జరిమానా తప్పదు.