కుంటకట్టకు తగిన మన్ను

పైరునకు మేలైన మన్నంతయు కట్టకు మేలైనది కాదు. ఏ చేను జొన్నకు తగునో, ఏది వేరుశనగకు తగునో రైతులకు ఒకరు చెప్పనక్కఱ లేదు. కాని కుంటకు కట్ట వేయునపుడును, గండి పూడ్చునపుడును చేరువనున్న మన్నునే తవ్వి పోయుట పలుచోట్ల వాడుక. అట్టి కట్ట మొదటి వానలకు నిలిచినను, కుంట నిండిన నాడు తెగవచ్చును. తెలంగాణమున చెరువులు గొలుసుకట్టుగా నుండుటచే, ఒక కట్ట తెగిన దాని నీరంతయు దిగువ కట్టపై బడును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. అతివృష్టిచే ఎగువ చెరువులు పెక్కులు తెగుట ఆ వరదను మఱింత హెచ్చించెను. కావున కట్టకు మన్ను నెంచుట తన పొలమునకే గాక దిగువ గ్రామమునకును సంబంధించిన పని.

మన్నుల గుణములు

మన్నునందు ముఖ్యముగా ఇసుక, ఒండు, బంక అను మూడు పాళ్లు కలవు. ఇసుక రేణువులు కంటికి గానవచ్చును. బంక రేణువు మిల్లీమీటరులో 500వ వంతుకంటెను చిన్నది. ఇసుక నీటిని జాఱవిడుచును గాని తడిసినను ఉబ్బదు. బంక నీటిని నిలుపును గాని తడిసిన మెత్తబడును. ఈ పాళ్ల హెచ్చుతగ్గులనుబట్టియు, బంకయొక్క స్వభావమునుబట్టియు మన్ను బలము మాఱును.

రేగడి: ఇందు బంక మెండు. నీటిని చొరనియ్యదు. కాని తడిసిన ఉబ్బును, ఎండిన కుదించుకొని బీటలు వాఱును. రేగడినేలపై లోతులేని పునాదితో కట్టిన ఇండ్ల గోడలు నెఱ్ఱెలు విచ్చుటకు ఇదియే కారణము. కట్టపైని రేగడి వేసవిలో బీటలువాఱిన, తొలివాన నీరు ఆ బీటలగుండ లోనికి దిగును.

ఎఱ్ఱ చల్క: ఇది గ్రానైటు మొదలగు శిలలు శిథిలమగుటచే నేర్పడినది. ఇసుకతో కొంత బంక కలిసియున్న చల్క చక్కగా గట్టిపడును, అంతగా ఉబ్బదు. చిన్నకట్ట నంతయు దీనితోనే వేయవచ్చును.

దుబ్బ: ఇసుక హెచ్చు, బంక స్వల్పము. నీరు ఊటలుగా పాఱును. దీనితో మాత్రమే కట్ట వేయరాదు.

మొరము: గులకతో గూడి బలమైనది. వాన తాకిడికి సులభముగా కోసుకొనిపోదు. కట్ట పైపొరకు తగినది.

చౌడు: ఇందలి సోడియపు లవణములచే బంక రేణువులు నీటిలో విడివడి తేలిపోవును. సన్నని ఊట త్వరలోనే సొరంగమగును. దీనిని కట్టకు ఎన్నడును వాడరాదు.

రైతు స్వయముగా చేయదగిన పరీక్షలు

1. గాజుసీసాలో మూడవవంతు మన్ను వేసి, నీరు నింపి, బాగుగా కుదిపి ఒక దినము కదల్పక యుంచవలయును. ఇసుక ముందుగను, ఒండు తరువాతను, బంక కడపటను పేరుకొనును. పొరల మందమునుబట్టి పాళ్లు తెలియును.

2. తడిమన్నును అరచేతులనడుమ త్రాడువలె పేనవలయును. సన్నగా సాగిన బంక కలదు. సాగక విఱిగిన అది దుబ్బ.

3. రేగుపండంత ఎండుగడ్డను తేటయగు వాననీటిలో మెల్లగా విడువవలయును. గడ్డ విచ్చుకొనినను నీరు తేటగా నున్న భయము లేదు. కదపకయే నీరు పాలవలె మసకబాఱిన ఆ మన్నును విడువవలయును.

కట్ట వేయు విధము

మొదట గడ్డిని, వేళ్లను తీసివైచి, కట్ట నడుమ పొడవునను గట్టినేల తగులువఱకు కందకము తవ్వవలయును. ఆ కందకమును, కట్ట నడిగర్భమును రేగడితోగాని బంకచల్కతోగాని నింపి, ఇరుప్రక్కలను పైనను మొరముతో కప్పవలయును. ఇట్లు కప్పిన రేగడి ఎండ తగులక చెమ్మగానే యుండి బీటలు వాఱదు.

మన్నును అర అడుగు మందమున పొరలుగా పోసి, ప్రతి పొరను దిమ్మిసతో గట్టిపఱుపవలయును. పొడిమన్ను అణగదు, బురద గట్టిపడదు. ప్రతి మన్నును ఒకానొక చెమ్మయందే మిక్కిలి దట్టముగా అణగునని 1933లో అమెరికాదేశపు ఇంజనీరు ప్రాక్టరు ప్రకటించెను. పిడికిట బట్టిన ముద్ద నిలిచి, చేతికి తడి అంటకుండిన ఆ చెమ్మ తగినది.

నీటివైపు వాలు, ఎత్తు 1 అడుగునకు అడ్డము 2 అడుగులకు తక్కువ గాకూడదు. కట్ట కొంత క్రుంగును గనుక 10 అడుగుల ఎత్తునకు 1 అడుగు అదనముగా పోయుట మేలు. గండి పూడ్చునపుడు పాతకట్టను మెట్లుగా చెక్కి క్రొత్తమన్ను వేయవలయును. లేనియెడల రెంటి అతుకునగుండ నీరు కాఱును. కట్ట ఎంత గట్టిదైనను, మత్తడి పూడియున్న నీరు పైనుండి పొర్లి దానిని కోసివేయును. కావున వానలకు ముందే మత్తడిని శుభ్రపఱుపవలయును.

కుంటయడుగున తీసిన మెత్తని ఒండ్రుమట్టిని కట్టపై పోయరాదు. అది చల్కచేలకు మంచి ఎరువు. కట్టకు పనికిరానిది చేనికి మేలుచేయును. దేని స్థానమున దానిని వాడుటయే మన్నును ఎఱిగిన రైతు లక్షణము.