ఫోన్ చెప్పే వ్యాయామం, ఒళ్ళు చెప్పే మాట



మన కదలికను మనమే పరీక్షించుకుంటే, దానికి తగ్గ వ్యాయామం చెప్పే యాప్‌లు వచ్చాయి. "సార్, పిల్లలకు ఇవి మంచివేనా?" అని కొందరు అడుగుతున్నారు. మంచివే, వాడే తీరు తెలిస్తే.

ఇలాంటి పరీక్షల్లో పేరున్నది అమెరికాలో గ్రే కుక్, లీ బర్టన్ తయారుచేసిన 'ఫంక్షనల్ మూవ్‌మెంట్ స్క్రీన్'. అందులో 7 కదలికలు. చక్కగా చేస్తే 3 మార్కులు, ఎలాగోలా సర్దుకుని చేస్తే 2, చేయలేకపోతే 1. నొప్పి పుడితే మాత్రం ఎంత బాగా చేసినా సున్నాయే. మన పరీక్షల్లో సున్నా అంటే చదవలేదని. ఇక్కడ సున్నా అంటే డాక్టరుకు చూపించమని.

ఒకటి చేసి చూడండి. చేతులు పైకెత్తి, మడమలు నేలకు ఆనించి గొంతుకు కూర్చోండి. మడమలు లేస్తున్నాయా? వాటి కింద సన్నటి చెక్క పెట్టి మళ్ళీ కూర్చోండి. ఈసారి తేలిగ్గా దిగగలిగితే చీలమండ బిగుసుకుని ఉండొచ్చు. అలాంటి పిల్లవాడితో వంద గుంజీళ్ళు తీయిస్తే ఏం లాభం? గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలిని గోడవైపు వంచడం ముందు నేర్పాలి. వాడి చెల్లెలికి ఆ అవసరమే ఉండకపోవచ్చు.

మన సోలాపూర్‌లో బీడీలు చుట్టే అమ్మలు గంటలకొద్దీ వంగి కూర్చుంటారు. పవర్‌లూమ్ దగ్గర నాన్నలు నిలబడే ఉంటారు. ఇద్దరికీ ఒకే వ్యాయామం ఎలా సరిపోతుంది? అమ్మలూ, ఒక చెయ్యి భుజం మీదుగా, రెండోది నడుము పక్కనుంచి వీపు వెనక్కి పెట్టండి. తర్వాత చేతులు మార్చండి. చేతుల మధ్య ఎడం రెండుసార్లూ ఒకేలా ఉందా?

కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టు 29న విడుదల చేసిన ఫిట్ ఇండియా యాప్‌లో వయసును బట్టి పరీక్షలున్నాయి. డబ్బు కట్టక్కర్లేదు. ఏ యాప్ అయినా పిల్లల వీడియో అడిగితే పెద్దలు చూడకుండా ఇవ్వొద్దు.

మన బడి అమ్మాయి ఒకతె మోకాలు నొప్పెడుతున్నా, యాప్‌లో లెక్క తప్పుతుందని గుంజీళ్ళు ఆపలేదు. కుంటుకుంటూ బడికొచ్చింది. ఫోన్ లెక్కపెడుతుంది గానీ, నొప్పి మనం చెబితే తప్ప దానికెలా తెలుస్తుంది? స్నేహితురాలి స్కోరుతో పోటీ వద్దమ్మా. నెల కిందటి నీ స్కోరుతో పోల్చుకో, చాలు.

నొప్పి ఉన్న పిల్లలు పీటీ పీరియడ్ మొదలవకముందే సార్‌కు చెప్పండి. ఎవరూ తిట్టరు.