బంగాళాదుంపకీ గింజ ఉంది, పెరటికి అదే మేలు

కాగితాల మీద అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళినా సబ్బవరం బతుకంతా విశాఖ పొలిమేరదే. లా యూనివర్సిటీ, మారిటైం యూనివర్సిటీ, ఆరు వరసల రోడ్డు వచ్చి లేఅవుట్లు పెరిగాయి గానీ, వెనకాల కాస్త పెరడో, డాబా మీద పది కుండీలో ఉన్న ఇళ్ళు ఇంకా చాలానే మిగిలాయి. వాటిలో వంగ, టమాటా, బెండ, ఆనప మామూలే. బంగాళాదుంప వేసేవాళ్ళు తక్కువ. వేసినా వంటింట్లో మొలకొచ్చిన దుంపనే కళ్ళు చూసి ముక్కలు కోసి పాతుతారు. ఆ మొక్కకి కాయ కాస్తుందని, పచ్చి టమాటా పిందెలా ఉండే ఆ కాయలో వందకి పైగా గింజలు ఉండవచ్చని, వాటితోనూ పంట తీయవచ్చని చాలామందికి తెలియదు. పొలంలో ఈ గింజ దుంప ముందు నిలవలేకపోయింది. కానీ అక్కడ అది ఓడిపోవడానికి కారణమైన లోపాలు పెరట్లో లోపాలే కావు. సబ్బవరం లాంటి వేడి చోట అయితే దుంపకంటే గింజ నాటడంలోనే ఎక్కువ తర్కం ఉంది.

దుంపని ముక్క చేసి నాటితే వచ్చేది కొత్త మొక్క కాదు, పాత మొక్కే మళ్ళీ. ఆగ్రా చలికి పనికొచ్చే రకం ఇక్కడా అదే తీరుగా ఉంటుంది, మన వేడికి ఏమీ మారదు. గింజ అలా కాదు. బంగాళాదుంపలో క్రోమోజోములు నాలుగు సెట్లుగా, మొత్తం 48 ఉంటాయి. అవి కలిసి విడిపోయే తీరు వల్ల ఒకే కాయలోని గింజలు కూడా వేరువేరు గుణాలతో మొలుస్తాయి. ఒకటి ఎత్తుగా పెరిగి దుంప కట్టదు, ఇంకొకటి పొట్టిగా ఉండి త్వరగా కడుతుంది. 1870ల మొదట్లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో లూథర్ బర్బాంక్ అనే కుర్రాడు తన తోటలో ఎర్లీ రోజ్ మొక్కకి కాసిన ఒకే ఒక్క కాయ నుంచి 23 గింజలు తీసి నాటాడు. వాటిలో ఒక మొక్క బర్బాంక్ రకమైంది. ఈనాడు అమెరికాలో ఫ్రెంచ్ ఫ్రైస్‌కి వాడే రస్సెట్ బర్బాంక్ దాని నుంచి వచ్చిందే. మన దేశంలో సిమ్లాలోని కేంద్రీయ ఆలూ పరిశోధన సంస్థ ఇచ్చిన కుఫ్రీ జ్యోతి, కుఫ్రీ చంద్రముఖి లాంటి రకాలన్నీ ఒకప్పుడు ఒక్కో గింజ నుంచి మొలిచిన నారు మొక్కలే. వేడిని కొంత తట్టుకునే కుఫ్రీ సూర్య కూడా అంతే.

బర్బాంక్‌కి దొరికింది అదృష్టం, శాస్త్రవేత్తలు వేలకొద్దీ మొక్కలు పరీక్షించి ఒకటి ఎంచుతారు, పెరట్లో ముప్పై మొక్కలతో ఏం తేలుతుంది అని అడగవచ్చు. దేశానికి రకం ఇవ్వాలంటే తేలదు. కానీ పెరటి మనిషి వెతికేది తన గోడ పక్కన, తన ఎండలో, పక్కవాటికంటే రెండు దుంపలు ఎక్కువ కట్టిన మొక్కని. ముప్పైలో అలాంటివి రెండో మూడో దొరకడం వింతేమీ కాదు. బజారు దుంపని ముప్పై ముక్కలు చేసి నాటితే ఎంచుకోవడానికి అసలు తేడా అంటూ ఉండదు.

రెండో కారణం తెగుళ్ళు. దుంపతోపాటు ఆకుముడుత లాంటి వైరస్‌లు, నులిపురుగులు, అన్నిటికంటే ముఖ్యంగా బాక్టీరియా వడలు తెగులు వస్తాయి. ఈ వడలు తెగులు ఒకసారి మట్టిలో దిగిందంటే ఆ మడిలో వంగకీ, టమాటాకీ, మిరపకీ కూడా ముప్పే. అవన్నీ బంగాళాదుంప చుట్టాలు, మన పెరళ్ళలో ఎప్పుడూ ఉండేవి. కూరకని కొన్న దుంప ఏ పొలంలో పండిందో ఎవరికీ తెలియదు. గింజ ద్వారా ఈ బాక్టీరియా గానీ నులిపురుగులు గానీ రావు, వైరస్‌లు కూడా చాలా వరకు రావు. గింజతో వచ్చే ఒక వైరాయిడ్ (వైరస్‌కంటే చిన్న రోగకారకం), కొన్ని వైరస్‌లు ఉన్నాయి కాబట్టి పూర్తి భద్రత అనలేం.

మరి ఇంత మేలైనదైతే రైతులు ఎందుకు వదిలేశారు? లిమాలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం 1970ల చివర్లో గింజ సాగు మీద పరిశోధన మొదలుపెట్టింది. హెక్టారుకి రెండు టన్నులకి పైగా విత్తన దుంపలు కావలసిన చోట వంద, నూటయాభై గ్రాముల గింజ చాలు. ఇంత లాభం ఉన్నా పంజాబు, ఉత్తరప్రదేశ్‌లలో గింజ నిలదొక్కుకోలేదు. అక్కడ మంచి విత్తన దుంప దగ్గరలోనే దొరుకుతుంది. నారు పోసి నాటడం కూలీల పని, పంట ఆలస్యం, దుంపలు ఒకే సైజులో రావు, వ్యాపారి ఒప్పుకోడు. త్రిపురలో మాత్రం అది పాతుకుంది. విత్తన దుంపలు దూరం నుంచి లారీల్లో రావాలి, ఖర్చు ఎక్కువ, చలికాలం చిన్నది. అగర్తలా దగ్గర నాగిచెర్రా ఉద్యాన పరిశోధన కేంద్రం హైబ్రిడ్ గింజ తయారుచేసి రైతులకి ఇచ్చింది. దూరం, కురచ చలికాలం రెండూ సబ్బవరానికీ ఉన్నవే. పెరట్లో నారు పోయడం కూలిపని కాదు, సాయంత్రం కాలక్షేపం. గోళీ అంత దుంప పక్కన నిమ్మకాయంత దుంప ఉంటే ఇగురు రుచి మారదు.

గట్టి అభ్యంతరం వాతావరణమే, దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. రాత్రి 20 డిగ్రీలు దాటితే దుంప కట్టడం తగ్గిపోతుంది. కొండ మీది లంబసింగి చలి గురించి పేపర్లో చదివి ముచ్చటపడడమే గానీ అది కిందికి దిగిరాదు. సబ్బవరంలో డిసెంబరు, జనవరి రాత్రులే కాస్త ఆసరా. పైగా గింజ మొలవడానికీ చల్లదనం కావాలి. 25 డిగ్రీలు దాటితే మొలక తగ్గుతుంది. గింజ పంటకి నారుతో కలిపి నాలుగు నెలలు పడుతుంది కాబట్టి చలి మొదలయ్యాక విత్తితే ఆలస్యమైపోతుంది. అందువల్ల అక్టోబరు రెండో సగంలో, ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూల ట్రేలో కోకోపీట్, వర్మీకంపోస్టు కలిపి విత్తి, మొలిచాక నీడ నుంచి లేత ఎండకి అలవాటు చేయాలి. తుపాను వానల నుంచి కాపాడుకోవాలి కూడా. నవంబరు మూడో వారానికి నాలుగైదు ఆకుల నారుని కింది ఆకుల దాకా లోతుగా నాటి, ఎదిగేకొద్దీ మట్టి ఎగదోసి, వరిగడ్డి పరవాలి. డాబా మీద నల్ల గ్రో బ్యాగులు వేడెక్కి వేర్లని ఉడికిస్తాయి, తెల్లవి మేలు. ఫిబ్రవరి చివర్లో తవ్వితే చిన్న దుంపలే వస్తాయి. వాటిని పంటగా లెక్కపెడితే నిరాశే. త్రిపురలోనూ మొదటి ఏడాది నారు దుంపలు తీసి రెండో ఏడాది వాటినే విత్తనంగా నాటే పద్ధతి ఉంది.

గింజ దొరకడం ఇంకో చిక్కు. మన మైదానాల్లో చలికాలపు పొట్టి పగళ్ళకి ఈ మొక్క పూయడం అరుదు. కాయలు కాసేది వేసవి పగళ్ళు పొడుగ్గా ఉండే కొండల్లో. అనుమతి లేకుండా విదేశాల నుంచి గింజ తెప్పించడం చట్టవిరుద్ధం. తల్లి రకం పేరు చెప్పకుండా ఆన్‌లైన్‌లో అమ్మే పాకెట్లని నమ్మకూడదు. వేడిని తట్టుకునే రకం కాయల నుంచి వచ్చిన గింజ దొరికితే సగం పని అయినట్టే. కాయని మాత్రం పిల్లలకి అందనివ్వకూడదు. అందులో సోలనిన్ అనే విషం ఉంటుంది. దుంపల్లోనూ జాగ్రత్త అవసరమే. అమెరికాలో 1967లో విడుదలైన లెనాపే రకాన్ని సోలనిన్ లాంటి విషాలు ఎక్కువున్నాయని 1970లో వెనక్కి తీసుకున్నారు. శాస్త్రవేత్తలు ఎంచిన రకమే అలా తేలితే, పెరటి నారులో ఒకటో రెండో అలాంటివి ఉండవచ్చు. ఒక్కో మొక్క దుంపలు విడిగా ఉంచి, విడిగా ఉడికించి, చిన్న ముక్క నాలుక మీద పెట్టి, చేదో మంటో అనిపిస్తే ఆ మొక్క దుంపలన్నీ పారేయాలి. మిగిలినవాటిలో బాగా కట్టిన రెండు మూడు మొక్కల దుంపలని గుర్తు రాసిన కాగితం సంచుల్లో ఫ్రిజ్ కింది అరలో పెడితే వేసవి దాటుతాయి. అక్టోబరులో బయటికి తీసి నీడలో మొలకలు రానిచ్చి నవంబరు మొదట్లో నేరుగా మడిలో పెట్టవచ్చు. ఈసారి నారు దశ ఉండదు, చలి మొత్తం దుంపకే దక్కుతుంది.