పద్మినిని సాగనంపాము

మా ఇంట్లో పద్మిని మాట వినబడితే కొత్తవారు ఎవరో ఆడపడుచు కాబోలు అనుకునేవారు. ఆడపడుచు కాదు, కారు. 1984 నాటి ప్రీమియర్ పద్మిని, మీగడ రంగు. మా నాయన 1991లో ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి, ఒక డాక్టరుగారి వద్ద సెకండుహాండులో కొన్నారు. అది మొదలు 2025 ఏప్రిలు వరకు షోలాపూరులో మా గుమ్మం ముందే ఉన్నది.

ఈ కాలపు పిల్లలకోసం నాలుగు మాటలు చెప్పాలి. ఇటలీవారి ఫియట్ 1100 నమూనా మీద బొంబాయి కుర్లాలో తయారైన బండి ఇది. 1970ల మధ్యలో పద్మిని అని పేరు మార్చారు. యింజను 1089 సి.సి. గేరుకర్ర స్టీరింగు ప్రక్కనే ఉంటుంది. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు కొనుక్కున్నదీ ఫియటే. ఖరీదు 12,000 రూపాయలు; చేతిలో చాలక 5,000 బ్యాంకులో అప్పు చేశారు. ఆయన పోయిన తర్వాత ఆ అప్పు లలితా శాస్త్రిగారు తీర్చారు. అప్పు చేసి కారు కొన్నావని ఎవరైనా అంటే మా నాయన ఈ కథ విప్పేవారు.

కారు మాదే గాని, సగం వాడది. నొప్పులు మొదలైన కోడళ్ళు, పెండ్లికుమారులు, తుల్జాపూరు అమ్మవారి మ్రొక్కులు, అన్నింటికీ అదే. నారళీ పున్నమి నాడు మార్కండేయస్వామి రథం చూడడానికి వచ్చే హైదరాబాదు చుట్టాలను స్టేషను నుంచి తెచ్చేదీ అదే. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే నాయన తీసుకొనేవారు కారు. ఒక కొబ్బరికాయ చాలుననేవారు. మా అమ్మ కొబ్బరిపచ్చడి ఎన్ని రోజులు చేసిందో లెక్క లేదు!

దానికి ఎండ పడదు. మన షోలాపూరు ఎండకు పంపులోనే పెట్రోలు ఆవిరై బండి నిలిచిపోయేది. తడిగుడ్డ పంపు మీద వేసి పావుగంట ఆగితే మళ్ళీ కదిలేది. డిక్కీలో ఒక పాత తువాలు, నీళ్ళ సీసా ఎప్పుడూ ఉండేవి. అడుగున ఉన్న ఆ నీళ్ళు త్రాగబోయి చిన్నప్పుడు మేము తిట్లు తిన్నాము.

బొంబాయి టాక్సీగా రిజిస్టరైన చివరి పద్మినికి 2023 అక్టోబరుతో ఇరవైయేండ్ల గడువు తీరింది. ఇక సామాను దొరకడం కష్టమని మా మేస్త్రీ అప్పుడే అన్నాడు. పదిహేనేండ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషను రుసుము 600 నుంచి 2022లో 5,000 అయింది. 2024లో అదీ కట్టాము. తర్వాత పెట్రోలు వంతు వచ్చింది. ఇప్పుడు నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలుపుతున్నారు. పాత బండ్ల రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు. మన జిల్లా చెరకే మన పద్మిని కొంప ముంచిందని మేస్త్రీ నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. ఎందుకంటే, ఫిబ్రవరిలో నల్దుర్గు దగ్గర గొట్టం పగిలి పెట్రోలు కారింది. బండిలో అమ్మ ఉన్నది. నాయనకు వాసన తెలియలేదు. ఎదురు లారీవాడు కేక వేస్తేనే ఆపారు.

ఆ సంగతి అమ్మ మాకు వారం తర్వాత చెప్పింది. నాయనకు డెబ్బదియెనిమిది. చూపు తగ్గింది. గొట్టం మార్చడానికి మూడు వందలు చాలు, మాకు తెలుసు. అయినా గొట్టం సాకు పెట్టుకుని బండి అమ్ముదామన్నాము. ఆయన మా ముఖం చూసి, "గొట్టంకోసమా, నాకోసమా?" అన్నారు. మేము జవాబు చెప్పలేదు. రెండు రోజులు ఆయన మాతో మాట్లాడలేదు.

మూడవనాడు తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టారు. "పాతినుమువానికి మాత్రం వద్దు" అన్నారు.

పాతినుమువాడు తూకం లెక్కన మంచి ధరే చెప్పాడు సుమండీ. పూనా నుంచి పాత కార్లు బాగుచేసి పెట్టుకొనే కుర్రవాడొకడు వచ్చి అంతకంటె తక్కువ చెప్పాడు. అతనికే ఇచ్చాము. నాయన అతనిని ప్రక్కన కూర్చోబెట్టుకుని, చోకు ఎంత లాగాలో, రెండవ గేరు ఎక్కడ పట్టుకుంటుందో గంటసేపు మరాఠీలో చెప్పారు. అమ్మ బండికి కుంకుమ పెట్టి హారతి ఇచ్చింది. వాడలోవారు వచ్చి నిలుచున్నారు. ఆ బండిలో ఆసుపత్రికి వెళ్ళి పుట్టిన పిల్ల ఇప్పుడు తన పిల్లను ఎత్తుకుని వచ్చింది. పది గంటలకు బండి సందు దాటింది. నాయన లోపలికి వెళ్ళి పడుకున్నారు. భోజనానికి లేవలేదు.

రెండు గంటలకు ఫోను మ్రోగింది. తెంభూర్ణి దగ్గర బండి ఆగిపోయిందట. మేము మాట్లాడుతుండగానే నాయన లేచి వచ్చి ఫోను లాగుకున్నారు.

"గుడ్డ తడిపావా?" అన్నారు. "డిక్కీలో ఉంది చూడు. తొందరపడకు, పావుగంట ఆగు. నేను ఫోను పెట్టను."